వదిన పెంచిన మట్టి

వదిన పోయిందని అన్నయ్య ఫోనులో చెప్పలేదు. "ఒసే, ఓపాలి రాయే" అన్నాడు, అంతే. ఏ పండక్కీ నన్ను గట్టిగా రమ్మనని మనిషి ఆ గొంతుతో పిలిచాడంటే ఇంకేముంది! విజయనగరంలో బస్సెక్కేటప్పటికే నాకు తెలిసిపోయింది. పిల్లలు లేని ఇల్లు. ఇక అందులో ఆయనొక్కడే.

మీలో కొందరు ఆవిడ దగ్గర సైన్సు చదువుకునే ఉంటారు. ఎచ్చెర్ల అవతల, మా పుట్టింటి ఊరి హైస్కూల్లోనే రిటైరయ్యేదాకా పాఠాలు చెప్పింది. కాపురానికొచ్చిన కొత్తలో నా తలనూనె సీసా ఖాళీ చేసి కడిగేసింది. పెరటి మట్టి కాస్త అందులో వేసి, నీళ్లు పోసి, గిలక్కొట్టి కిటికీలో పెట్టింది. మర్నాటికి అడుగున ఇసుక, దాని మీద ఒండు, ఆ పైన బంకమట్టి పేరుకున్నాయి. నీళ్ల మీద ఆకుముక్కలు తేలుతున్నాయి.

"నా నూనేటి సేసావు వొదినా?"

"నీ జుట్టుకి నూనెందుకే, దువ్వెనే దిగదు. ఇటు సూడు, మీ పెరటి జాతకం."

రామతీర్థం తీసుకెళ్తే దేవుడికో దండం పెట్టేసి కొండరాతి పక్కన చతికిలబడింది. రాతి మీది బూడిదరంగు పాచిని గోటితో గీకి చూపించింది. ఎండకి రాయి ఉబ్బుతుందట, చల్లబడితే ముడుచుకుంటుందట, అలా అలా బీటలిస్తుందట. ఆ బీటల్లో పాచి పులుసు ఊరించి రాతిని కొద్దికొద్దిగా తినేస్తుందట. పాచి చస్తే దాని మీద గడ్డి, గడ్డి చస్తే దాని మీద తుప్ప.

"రాయి పొడైపోతే మట్టైపోదే. అందులో సచ్చినవన్నీ కలవాల, పురుగులు తినాల, మల్లీ ఏదో మొలవాల. అంగుళానికి వందల ఏళ్లు పడతాది."

చేతిలో ప్రసాదం పెట్టుకుని ఆ చావు కబుర్లేమిటని విసుక్కున్నాను. ఆవిడ ఆపితేనా! "మట్టిలో సగం సందులే. గాలీ నీళ్లూ ఉంటాయందులో. మిగతాది రాయి. ఇంత సిటికెడు సచ్చినోళ్లు. ఆ సిటికెడే మనకి కూడెడతాది."

అన్నయ్యది కాలువకి ఎత్తున ఉన్న మెట్ట. నువ్వులు, ఉలవలు, చోళ్లు పండేవి. పక్కవాళ్ల పల్లంలో వరి చూసి ఆయనకి కడుపుమంట. మా వైపు దానికో వైద్యముంది. పై మట్టిని ఇటుకబట్టీకి అమ్మేస్తే పొలం దిగుతుంది, కాలువ నీరు ఎక్కుతుంది. ఊళ్లో చాలామంది చేసిన పనే. వదిన శిక్షణ తరగతులకి వెళ్లినప్పుడు, ఆవిడకి మాటైనా చెప్పకుండా, ఆయన పొలంలో పొక్లెయిన్ దింపాడు.

ఆవిడ తిరిగొచ్చి గట్టు మీద నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను.

"ఇంక నీరెక్కుతాది మేష్టారమ్మా, సూడు" అన్నాడు అన్నయ్య.

"ఎక్కుతాది. తాగడానికి ఎవలున్నారు కింద?"

నీరెక్కింది. వరి నాటారు. పచ్చబడలేదు. పసుపుపచ్చగా, మోకాలెత్తైనా రాకుండా తాలు గింజలతో నిలబడింది. కింద మిగిలింది బండిచక్రాలు తొక్కి గట్టిపరచిన ఎర్రమట్టి, సందుల్లేని మట్టి. తాతముత్తాతల నాటి ఆకులూ వేళ్లూ పేడా బట్టీలో కాలి ఎవరి గోడల్లోనో ఉన్నాయి.

ఆనాటి నుంచి ప్రతి వేసవీ చెరువెండగానే ఒండు తోలించింది. ఎరువుకి గొర్రెల మందలు కట్టించింది. జనుము చల్లి, పూతకి రాగానే దున్నించేసింది. హుద్‌హుద్ తుపాను ఏడాది గట్లు తెగి, తోలిన ఒండంతా కాలువపాలైంది. మళ్లీ మొదలెట్టింది. అన్నయ్య కిక్కురుమనకుండా వెనకాల తట్ట మోశాడు. తప్పైందని ఆయన అనలేదు, ఎందుకు చేశావని ఆవిడా అడగలేదు. మా ఇంట్లో మాటలు ఆరో వేలితో సమానం, ఉన్నా వాడం.

"నీ జన్మలో అవ్వదని నువ్వే అంతావు గదా వొదినా, ఎందుకీ సాకిరీ?" అని అడిగానొకసారి.

"అవ్వదు. అలాగని ఇంట్లో కూకుని మీ అన్న మొహం సూడమంటావేటి?"

నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఈ వేసవిలో ఒండు తోలడం పూర్తి కాకుండానే ఆవిడ గుండె ఆగిపోయింది. చెరువులో తవ్విన కుప్ప అక్కడే ఎండి నెర్రెలిచ్చింది. పెద్దకర్మ అయి, చుట్టాలు సర్దుకున్నాక అన్నయ్య నన్ను పొలానికి తీసుకెళ్లాడు. ముందురోజు వాన పడింది. గట్టు మీద నిలబడి అడిగాడు.

"నీతోనైనా ఎప్పుడేనా నన్ను తిట్టిందేటే?"

"లేదు."

నిజంగానే లేదు. అబద్ధమాడి ఉంటే ఆయనకి కాస్త ఊరట దొరికేదేమో. తిట్టుంటే ఆ తిట్టు ఎక్కడో ఒకచోట ముగిసేది. ఇప్పుడింక అడగడానికి మనిషి లేదు.

ఆయన పొలంలోకి దిగి గొంతుక్కూర్చున్నాడు. వేళ్లతో చిన్న గొయ్యి తవ్వాడు. పైన చోడిరొట్టె మందాన నలుపు, సన్నటి వేళ్లతో అల్లుకుని ఉంది. దాని కింద అదే ఎరుపు. బొటనవేలూ చూపుడువేలూ ఆనించి ఆ మందం కొలిచాడు. ఆ వేళ్లనలాగే కళ్ల ముందుకి తెచ్చుకుని, మధ్య సందులోంచి చూశాడు. తర్వాత ఎరుపు ఎరుపులోకి, నలుపు నలుపులోకి వచ్చేలా గొయ్యి జాగ్రత్తగా పూడ్చి, పైన అరచెయ్యి ఆనించాడు.

చినుకులు మొదలయ్యాయి. లేవమన్నాను. చెయ్యి తియ్యలేదు.