కొత్త కారు, నో వర్రీస్

కారు కొని పదకొండు రోజులైంది. టైర్ల కింద పెట్టి తొక్కించిన నిమ్మకాయల మరక మా డ్రైవ్‌వేలో ఇంకా పోనేలేదు. అంత కొత్త కారు ఇక్కడ ఇంగ్లండ్‌లో, లీడ్స్ రింగ్ రోడ్డు మీద, వానలో, సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. ఎన్నిసార్లు బటన్ నొక్కినా తెర మీద ఎర్ర గుర్తు తప్ప ఏమీ రాలేదు.

పక్కకు నెట్టించి, కారును లాక్కెళ్లే రికవరీ వ్యాన్ కోసం రెండు గంటలు కార్లోనే కూర్చున్నాం. అంతసేపూ షోరూమ్ సేల్స్‌మన్‌ను తెలుగులో కడిగిపారేశాను. తాళాలిచ్చేటప్పుడు పళ్లన్నీ బయటపెట్టి మాతో ఫొటో దిగాడు, వెధవ.

"రేపు పోయి వాని గల్ల పట్టి అడుగుతా," అన్నాను.

"గల్ల తర్వాత పట్టుదువు గని, ముందుగాల ఫోన్ చెయ్యి," అంది నా భార్య.

చేశాను. వాడు సారీ అన్నాడు. మూడు వారాల దాకా కారు చూసే వీలు లేదన్నాడు, మళ్లీ సారీ అన్నాడు. అప్పటిదాకా నడుపుకోవడానికి ఇంకో కారు కూడా ఇవ్వలేమన్నాడు, దానికీ సారీయే. నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరిచాను.

"నో వర్రీస్. థాంక్యూ సో మచ్," అని పెట్టేశాను.

నా తిట్లన్నీ విన్న మా ఎనిమిదేళ్ల అమ్మాయి వెనక సీట్లోంచి అడిగింది. "డాడీ, వై డిడ్ యూ థాంక్ హిమ్?"

"నోరు మూస్కొని కూసో!" అని అరిచాను, అద్దాలు అదిరేలా.

"సారీ, డాడీ," అంది.

ఆ రోజు నేను విన్న సారీల్లో మనసులోంచి వచ్చింది అదొక్కటే. అదీ, ఏ తప్పూ చేయని పిల్ల నోటి నుంచి.