పోయిన వారం ఎవరితో ఆడాం?

ఆశ్రిత కిందపడి లేవకపోయేసరికి, వసుంధర తన చేతిలోని టీ కప్పు ఎక్కడ పడేసిందో ఆమెకే తెలీదు. మందుల సంచీ భుజాన వేసుకుని, రెఫరీ చెయ్యి ఊపీ ఊపకముందే ఫుట్‌బాల్ మైదానంలోకి పరిగెత్తింది. ఐర్లాండ్‌లోని గాల్వేలో వాన మామూలుగానే పక్కనుంచి కొడుతోంది. కార్నర్ బంతికి ఎగిరినప్పుడు అవతలి జట్టు అమ్మాయి తల, ఈ పిల్ల తల ఢీకొన్నాయి. ఆ చప్పుడు గట్టు మీదికి కూడా వినబడింది.

పిల్ల అనడమే గానీ ముప్ఫై ఒకటి నిండాయి. పుట్టింది జర్మనీలో, నూరెంబర్గ్‌లో. వరంగల్ నుంచి వెళ్ళి స్థిరపడ్డ అమ్మానాన్నలు లెక్కల టీచర్ని చేద్దామనుకుంటే, ఈవిడగారు పదిహేడో ఏట గోల్స్ కొట్టే ఉద్యోగం చూసుకుంది. అప్పట్నుంచీ కాలికి బలపం కట్టుకు తిరగడమే. నూరెంబర్గ్ అయ్యాక ఆస్ట్రియాలో గ్రాట్స్, ఆ తర్వాత ఐస్‌లాండ్‌లో చేపల రేవున్న ఓ ఊరు, డెన్మార్క్, నిరుటి నుంచి గాల్వే. ఎక్కడున్నా ఏడాది ఏడాదికీ కొత్త ఒప్పందమే. చలికాలం వచ్చిందంటే ఉంచుతారో పంపిస్తారో అని బిక్కుబిక్కుమంటూ ఉండటమే. పేపర్లో ఫొటో పడేంత పేరు ఏనాడూ రాలేదు. ఆటొక్కదానితో పొట్ట నిండదు గనక, ఇక్కడ వారానికి మూడు రోజులు గుండె స్టెంట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో తెల్ల గౌను తొడుక్కుని మైక్రోస్కోపుకి కళ్ళు అప్పగిస్తుంది.

వసుంధరది తెనాలి. వారమంతా ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు, శనివారాలు ఈ ఆడవాళ్ళ క్లబ్బులో. మొదటిరోజు ఆశ్రిత పిక్క పట్టేసి బల్ల మీద పడుకుని "అమ్మో, సచ్చిన" అనగానే వసుంధరకి నవ్వాగలేదు. పద్నాలుగేళ్ళలో ఐదు జట్లు తిరిగినా, ఆ పిల్ల తెలుగులో మూలిగితే అర్థం చేసుకున్న మనిషి దొరకడం అదే మొదలట. ఆనాటినుంచీ ఆ బల్ల దగ్గర ఇంగ్లీషు లేదు. ఈమె ఆ పిల్ల వరంగల్ యాసని వెక్కిరిస్తే, ఆ పిల్ల ఈమె "అండీ"లని వెక్కిరించేది.

ఇవాళ గట్టు మీద బెల్జియం క్లబ్బు వాళ్ళు ఇద్దరున్నారు. ఆశ్రితని చూడ్డానికే వచ్చారు. నచ్చితే రెండేళ్ళు ఉంచుకుంటారు. జన్మలో ఆ పిల్ల రెండేళ్ళ ఒప్పందం చూడలేదు. నాలుగు రోజులుగా సరిగ్గా తిండి లేదు. ఆమెని చూసి వసుంధరకీ సయించడం మానేసింది. తల దెబ్బకి మెదడు అదిరిందని తేలితే మాత్రం ఆ క్షణమే బయటికి రావాలి. సీజన్లో మిగిలినవి రెండే ఆటలు, అవీ పోతాయి. బెల్జియం వాళ్ళకి ఇంకో అమ్మాయి దొరక్కపోదు.

"నేనెవర్ని?" అంది వసుంధర మోకాళ్ళ మీద కూర్చుంటూ.

"వసుంధరక్క. నాకేం కాలే, లేపు."

ఇలాంటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అలవాటు కొద్దీ తెలుగులోనే అడిగింది.

"ఇది ఏ ఊరు?"

"గాల్వే."

"ఫస్టాఫా, సెకండాఫా?"

"సెకండాఫ్. మన గోల్ నేనే కొట్టిన."

అన్నీ సరిగ్గానే ఉన్నాయి. వసుంధర కాస్త ఊపిరి పీల్చుకుంది.

"పోయిన వారం ఎవరితో ఆడాం?"

"మంచుల ఆడినం గదక్కా, గ్రాట్స్‌ల. చేతులు కొంకర్లు పోయినయ్. రెండు గోల్స్ కొట్టిన."

నవ్వుతూ, తడుముకోకుండా చెప్పింది. గ్రాట్స్ వదిలిపెట్టి ఏడేళ్ళయింది. పోయిన వారం ఆడింది ఈ దేశంలోనే, కార్క్‌లో.

"ఈజ్ షీ గ్రాండ్?" గట్టు మీంచి కోచ్ ఓర్లా అరిచింది. బాగానే ఉందా అని ఆమె అడగడం. "సౌండ్స్ గ్రాండ్ టు మీ" అంది పక్కనే నిలబడ్డ రెఫరీ. ఆవిడకి తెలుగు రాదు. గడగడా జవాబులు చెబుతూ నవ్వే మనిషిని చూసింది, అంతే.

ఆశ్రిత వసుంధర మొహంలోకి చూసింది. నవ్వు పోయింది.

"తప్పు చెప్పిన్నా?"

వసుంధర ఆమె మెడ కదలకుండా కింద చెయ్యి పెట్టింది.

"అక్కా, నీకొక్కదానికే గదా సమజైంది. ఇంకెవలకు తెల్వది. ఇరవై నిమిషాలే. నీ కాల్మొక్త."

ఆ ప్రశ్నేదో ఇంగ్లీషులో అడిగి చావకూడదా అని వసుంధర తనని తాను తిట్టుకుంది. అప్పుడు రెఫరీయే తేల్చేది, ఈ పాపం తన నెత్తిన పడేది కాదు. ఇరవై నిమిషాల్లో ఏమీ కాకపోవచ్చు. పదిమందిలో తొమ్మిదిమందికి ఏమీ కాదు. పదో మనిషి ఈ పిల్లయితే? అదే తలకి ఇంకో దెబ్బ తగిలితే? రెండు చేతులూ పైకెత్తి గుండ్రంగా తిప్పింది, మార్చండి అని. బెల్జియం వాళ్ళ వైపు చూసే ధైర్యం లేకపోయింది.

ఆంబులెన్సులో ఆశ్రిత కళ్ళు తెరిచింది.

"అక్కా, నన్ను బయటికి ఎవరు తీసిన్రు?"

"నేనే."

"నువ్వా?" ఆ పిల్ల అటు తిరిగి ఏడ్చింది. రెండు నిమిషాలు కూడా గడవలేదు, కళ్ళు తుడుచుకుని ఇటు తిరిగింది.

"అక్కా, నన్ను బయటికి ఎవరు తీసిన్రు?"

అప్పుడే మొదటిసారి అడుగుతున్నట్టు ఉంది. చెప్పింది చెప్పినట్టే తుడిచిపెట్టుకుపోతోంది. వసుంధర మళ్ళీ "నేనే" అంది. మళ్ళీ అదే "నువ్వా?", మళ్ళీ అదే ఏడుపు. మూడోసారి అడిగినప్పుడు "రెఫరీ" అందామని నోటిదాకా వచ్చింది. ఎలాగూ మర్చిపోతుంది కదా, ఎవరికి నష్టం? కానీ ఏ మాట నిలుస్తుందో ఎవరికి తెలుసు? "నేనే తల్లీ" అంది.

ఆసుపత్రిలో స్కాన్ కోసం కూర్చున్నారు. నాలుగోసారి అడుగుతుందని వసుంధర ఉగ్గబట్టుకుని ఉంది. ఐదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. ఆశ్రిత గోడకేసి చూస్తూ ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. ఆ మౌనానికి వసుంధర ఇంకా హడలిపోయింది.

"ఆశ్రితా, ఏమన్నా అడుగుతావా?"

"ఏమడగాలె? నువ్వే తీసినవ్ గదా. నీ నోటితోనే చెప్పినవ్. ఇంగ నాతోటి మాట్లాడకు."

గుర్తుంది. ఈసారి గుర్తుంది. వసుంధర ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే రెండు చేతుల్లో మొహం దాచుకుని, నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా వెక్కి వెక్కి ఏడ్చింది. ఆశ్రిత ఇటు తిరగలేదు.