చేతులు జోడించిన పేజీ

దుర్గాశంకర్‌ది పెడనలో నేతవాళ్ళ వీధి. తల్లి చిన్నతనంలోనే పోతే పక్కింటి రావమ్మ తన పిల్లలతో పాటు అతనికీ ముద్దలు కలిపి పెట్టింది. బందరు పాలిటెక్నిక్‌లో చదివినన్నాళ్ళూ పొద్దున్నే క్యారేజీ కట్టిచ్చింది. రావమ్మ చేతి అన్నం తిని ఎదిగినవాడు కాబట్టే, తర్వాత జరిగినదాన్ని అతను మరిచిపోలేకపోయాడు.

2004లో విజయవాడ గవర్నర్‌పేటలో తిరుపతిరావు గారి దగ్గర పనికి కుదిరాడు. ఆయనకు కింద బట్టల కొట్టు, పైన నాలుగు కంప్యూటర్లతో వెబ్‌సైట్లు తయారుచేసే ఆఫీసు. మంచి మనిషి. మధ్యాహ్నం పైవాళ్ళు తిన్నారో లేదో కనుక్కోకుండా తాను విస్తరి ముందు కూర్చునేవారు కాదు. కొట్టులో ఆయనది ఒకటే నియమం. వచ్చినవాళ్ళకి 'లేదు' అనే మాట వినపడకూడదు. అడిగిన చీర లేకపోతే ఇంకొకటి పరిచి, మజ్జిగ ఇప్పించి, నవ్వుతూ సాగనంపాలి.

"పైన కూడా అంతేనయ్యా. మన సైటుకొచ్చినోడు గుమ్మంలో మొహం చిన్నబుచ్చుకుని పోకూడదు" అన్నారు మొదటిరోజే.

దుర్గాశంకర్ అలాగే రాశాడు. ఆఫీసు చేసే సైట్లన్నిటికీ పునాదిగా సొంతంగా ఒక ఫ్రేమ్‌వర్క్ కట్టాడు. సైటుకు వచ్చే ప్రతి విన్నపమూ ముందు దాని దగ్గర ఆగుతుంది, అది ఏ పేజీకి పంపాలో చూసి పంపుతుంది. తప్పు చిరునామా కొట్టినవాళ్ళను మాట్లాడకుండా మొదటి పేజీకి తీసుకెళ్ళేది. నింపి పంపిన ఫారం చేరినా, లోపల ఎక్కడో తప్పిపోయినా, ఒకేలా చేతులు జోడించిన బొమ్మ వేసి, 'ధన్యవాదాలు. మీ విన్నపం అందింది' అని చూపించేది. ఏం తప్పిందో ఎక్కడా రాసిపెట్టేది కాదు. అది మర్యాద అనే అతను నమ్మాడు.

2007 ఎండాకాలంలో ఒక ట్రస్టువాళ్ళు నేతవాళ్ళకు గుంట అక్కర్లేకుండా నేల మీద నిలబెట్టే ఎత్తు మగ్గాలు ఉచితంగా ఇస్తామని, సైటులో దరఖాస్తు పెట్టుకోమని ప్రకటించారు. ఆ సైటు దుర్గాశంకర్ చేసిందే. రావమ్మది గుంట మగ్గం. నేలలో గుంట తీసి, అందులో కాళ్ళు పెట్టుకుని నేయాలి. వానలు మొదలైతే గుంటలో నీరు ఊరుతుంది, మూడు నెలలు పని ఉండదు. మొగుడు పోయాక ఆమె ఆధారం ఆ మగ్గమే.

ఆమె బస్సులో విజయవాడ వచ్చింది. దారిలో పక్కసీటు ముసలాయన కాగితాలు ఎగిరిపోకుండా తన సంచిలో పెట్టి తెచ్చాడట. దుర్గాశంకర్ స్వయంగా ఫారం నింపి పంపాడు. తెర మీద చేతులు జోడించిన బొమ్మ వచ్చింది. రావమ్మ తనూ దణ్ణం పెట్టింది.

"మీ కంప్యూటరుకున్న మర్యాద మా సొసైటీ ప్రెసిడెంటుకి లేదురా అబ్బాయ్!"

"నేనే నేర్పాను పిన్నీ" అన్నాడు గర్వంగా.

జూన్‌లో జాబితా వచ్చింది. రావమ్మ పేరు లేదు. రెండు రోజులు వెతికితే తెలిసింది. రావమ్మ వచ్చిన రోజు ఉదయమే ట్రస్టువాళ్ళు కోరితే దరఖాస్తులు తీసుకునే పేజీకి పేరు మార్చాడు. ఫారంలో మాత్రం పాత పేరే ఉండిపోయింది. మర్నాడు ఇంకేదో మారుస్తుంటే అతనికి తెలియకుండానే అదీ సరయ్యేదాకా పంపినవన్నీ లేని పేజీకి వెళ్ళి మాయమయ్యాయి. ఎందరివో, ఎవరివో చెప్పడానికి ఒక్క అక్షరం మిగల్లేదు. అందరికీ ధన్యవాదాలు మాత్రం అందాయి.

ట్రస్టుకు ఫోన్ చేశాడు. మగ్గాలన్నీ పంచేశామన్నారు, పాపం వాళ్ళూ నొచ్చుకున్నారు.

మూడు వారాలు కూర్చుని ఫ్రేమ్‌వర్క్ తిరగరాశాడు. దారి దొరకని విన్నపానికి 'ఈ పేజీ లేదు' అని చెప్పేలా, ఫారం తప్పిపోతే 'మీ దరఖాస్తు చేరలేదు, మళ్ళీ పంపండి' అని చూపేలా, నింపినది చెరిగిపోకుండా, తప్పు ఎప్పుడు ఎక్కడ జరిగిందో లోపల నమోదయ్యేలా చేశాడు. నాలుగు రోజులకు తిరుపతిరావు గారు పైకొచ్చారు.

"ఏంటయ్యా ఇది? సైటు పాడైపోయిందని అందరూ ఫోన్లు!"

"పాడవలేదండీ. ముందునుంచీ ఉన్న తప్పులే ఇప్పుడు కనపడుతున్నాయండీ."

"కనపడటం దేనికి? నీ లెక్క నువ్వు లోపల రాసుకో, కాదనను. బయట మాత్రం ఆ దణ్ణం పెట్టేయ్."

ఆయన భుజం తట్టి, టీ తెప్పించి వెళ్ళారు. బొమ్మ మళ్ళీ ఎక్కింది. తప్పిపోయినవి లోపల వరుసగా నమోదవుతూనే ఉన్నాయి. చదివేది దుర్గాశంకర్ ఒక్కడే.

రావమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "చూస్తున్నారంట పిన్నీ" అంటూ వచ్చాడు. శ్రావణంలో ఇక ఉండలేక, కొండమీది అమ్మవారికి మొక్కుకుని పెడన బస్సెక్కాడు. వెళ్ళేసరికి ఆమె గుంట పక్కన కూర్చుని చెంబుతో నీళ్ళు తోడుతోంది.

"మగ్గం ఎప్పుడిస్తారంటరా?"

'చూస్తున్నారంట' అనే మాట మళ్ళీ నోటిదాకా వచ్చింది.

"ఇవ్వరు పిన్నీ. నీ దరఖాస్తు అసలు చేరలేదు. తప్పు నాదే. నాకు జూన్‌లోనే తెలుసు."

ఆమె చెంబు ఆపింది. కోప్పడలేదు.

"అప్పుడే చెప్తే పోయేదిగా నాయనా. రొయ్యల ప్లాంటులో జూన్‌లో మనుషుల్ని తీసుకున్నారు. అక్కడ పనిచేసే అమలమ్మ రమ్మని ఎంత పిలిచిందో! మగ్గం వస్తుందిగా అని నేనే వెళ్ళలేదు. ఇప్పుడు తీసుకోట్లేదంట."

లేచి, మజ్జిగ కలిపి గ్లాసు చేతిలో పెట్టింది. "ఎండనపడి వచ్చావు, ముందు తాగు."

తాగాడు. తర్వాత గుంట పక్కనున్న చెంబు తీసుకుని, సాయంత్రం బస్సు వేళదాకా తోడుతూ కూర్చున్నాడు. నీరు ఊరుతూనే ఉంది.