డెబిట్ కార్డుకు లామినేషన్

2005 జనవరి 11, మంగళవారం, ఉదయం పదకొండున్నర గంటలకు ఆళ్లగడ్డలో ఒక జిరాక్స్ షాపు మెట్లెక్కాను. నా అంతట నేనే ఎక్కాను, ఎవరూ తోయలేదు. దాని ఫలితంగా నంద్యాలలో ఒక ఏటీఎం మూతపడింది, ఒక పెళ్లివారు వంటవాళ్లకు బయానా ఇవ్వలేకపోయారు, మా వదిన మొక్కు తీరలేదు. ముప్పై రెండేళ్లు లెక్కల టీచరుగా పనిచేసినదాన్ని కాబట్టి జరిగింది జరిగిన వరుసలో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. నాకు మాత్రం ఇందులో నవ్వే హక్కు లేదని మా వదిన ఆనాడే తేల్చేసింది.

ముందు వదిన సంగతి చెప్పాలి. పేరు దీనమ్మ, మా ఆయనకు అక్క. ఆళ్లగడ్డ పక్క పల్లెలో మూడెకరాల చేను. రెండు బోర్లు వేయిస్తే రెండింట్లోనూ దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మూడోది వేయిస్తూ, నీళ్లు పడితే మన చర్చికి సంస్కారంలో ద్రాక్షరసం అందించే గిన్నె తెస్తానని మొక్కుకుంది. మామూలు గిన్నె కాదు, బేత్లెహేములో చేసిన ఒలీవ కర్ర గిన్నె. నీళ్లు పడ్డాయి. దేవుడు తన వంతు చేసేశాడు, ఇక తన వంతు మిగిలిందని నాలుగేళ్లుగా ఆమెకు నిద్ర సరిగా పట్టేది కాదు.

అప్పటిదాకా మా చర్చిలో ప్రభువు భోజనానికి వాడుతున్నది ఒక స్టీలు గ్లాసు. అది నేనిచ్చిందే. మా వైపు స్టీలు సామాను కొంటే పేరు చెక్కించనిదే ఇంటికి తీసుకురారు. నేను పేరుతో పాటు తేదీ కూడా చెక్కించాను: జి. సుగుణమ్మ, 14-5-1986. సంస్కారం తీసుకునే ప్రతిసారీ వదినకు ఆ చుక్కల అక్షరాలు కంట్లో నలుసులా పడేవి.

"ప్రభువు గిన్నె మీద నీ పేరేంది సుగుణా? పన్నెండు మంది శిష్యుల్లో నువ్వు గూడా ఒకతివా?" అనేది.

ఇలా ఉండగా మా పాస్టరు అయ్యగారు పరిశుద్ధ దేశ యాత్ర ప్రకటించారు. పదకొండు మందిమి పేర్లిచ్చాం. ప్రయాణానికీ, బసకూ, భోజనానికీ ముందే కట్టేశాం. చేతి ఖర్చుకు మాత్రం ఎవరి డబ్బు వాళ్లు చూసుకోవాలి. తొమ్మిది మంది బుద్ధిమంతులు ఏజెంటు దగ్గర డాలర్లు కొనుక్కున్నారు. వదినను నేను కొననిస్తానా? కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. ఏజెంటు రేటుకూ బ్యాంకు రేటుకూ డాలరుకు డెబ్బై పైసలు తేడా ఉంది. నావి నాలుగు వేలు, వదిన మిరపకాయలమ్మి నా దగ్గర దాచినవి ఐదు వేలు. మొత్తం తొమ్మిది వేలకు నూట నలభై రూపాయల మిగులు తేలింది. ఆ నూట నలభై కోసమే ఈ కథంతా.

నంద్యాల బ్యాంకులో ఒక కుర్ర ఆఫీసరు నాకు దారి చూపించాడు.

"మేడం, ఇది ఇంటర్నేషనల్ డెబిట్ కార్డు. ఏ దేశంలో పెడితే ఆ దేశం డబ్బు వస్తుంది. ఇక్కడ మీ ఖాతాలో రూపాయలు తగ్గుతాయి. కార్డు రాగానే ఒకసారి మా ఏటీఎంలో వాడండి, అప్పుడే అది పనిలోకి వస్తుంది."

వదినను ఒప్పించడం బ్యాంకును ఒప్పించినంత సులభం కాలేదు.

"ఆ దేశం మెషినుకు మన ఆళ్లగడ్డ దుడ్లు యాడ తెలుస్తాయి?"

"తెలుస్తాయి వదినా. అక్కడ తీస్తే ఇక్కడ తగ్గుతాయి."

"ఈడ తగ్గేది సరే. ఆడ రాకపోతే?"

ఆ ప్రశ్న ఎంత గొప్పదో నాకప్పుడు తెలియలేదు.

"నా దుడ్లు నాకియ్యి. రైకలో పెట్టుకోని పోతా" అంది.

"దొంగలు కొట్టేస్తారు. కార్డులో ఉంటే ఒక్క పైసా పోదు. పూచీ నాది" అన్నాను. పూచీ అనే మాట వాడానని దయచేసి గుర్తుపెట్టుకోండి. ఆమె గుర్తుపెట్టుకుంది. ఆ ఐదు వేలూ నా ఖాతాలో వేసేశాను.

కార్డు రిజిస్టరు పోస్టులో వచ్చింది. నీలంగా, నున్నగా, కొత్త పలకలా ఉంది. ఏటీఎంలో వాడమన్న మాట నాకు గుర్తుంది. కానీ కొత్త వస్తువును ఊరికే అరగదీయడం ఎందుకని ప్రయాణం రోజుకు వాయిదా వేశాను. ఈలోపు దానికి ఏమీ కాకుండా చూడాలి కదా. ఇక్కడ నా జబ్బు గురించి చెప్పాలి. ఒకప్పుడు నా బీ.ఎడ్ సర్టిఫికెట్‌ను చెదలు తిన్నాయి. నకలు కోసం రెండేళ్లు తిరిగాను. ఆనాటి నుంచి మా ఇంట్లో లామినేషన్ పడని కాగితం లేదు. రేషన్ కార్డు, బాప్తిస్మ పత్రం, మా ఆయన బదిలీ ఉత్తర్వులు, చివరికి మా పెళ్లి శుభలేఖ కూడా అద్దంలా మెరుస్తుంటాయి. గాలికి ఎగరవు, వానకు తడవవు, చెదలు వచ్చి చూసి నిరాశగా వెళ్లిపోతాయి.

జిరాక్స్ షాపు ఓబులేసు నా పాత విద్యార్థి. నాకంటే ఒక మెట్టు ఎక్కువ ఉత్సాహవంతుడు.

"ఇంటర్నేషనలా టీచరమ్మా? అట్లయితే మామూలుది వద్దు. డిగ్రీ సర్టిఫికెట్లకేసే మందందేస్తా."

"అంతకంటే మందంది లేదా?"

"రెండు పొరలేస్తే సరి."

"వెయ్యి."

రెండుసార్లు మెషినులోంచి తీశాడు. రెండోసారి బయటికొచ్చేసరికి కార్డు వేయించిన అప్పడంలా వంగి ఉంది. ఓబులేసు కంగారుపడలేదు. రెండు టెలిఫోన్ డైరెక్టరీల మధ్య పెట్టి, దాని మీద తానే కూర్చుని, ఇంకో ఇద్దరికి జిరాక్సులు తీసి ఇచ్చాడు. లేచాక కార్డు తిన్నగా అయింది. ఉబ్బెత్తుగా ఉన్న అంకెలు కూడా చదునైపోయాయి. చేతికి గీసుకోకుండా మరీ బాగుందనుకున్నాను. ఇరవై రూపాయలిచ్చాను.

వదిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నీళ్లల్లో పడినా ఏం గాదా?"

"కాదు."

"యోర్దాను నదిలో పడినా?"

"పడినా కాదు."

అది మాత్రం నిజం.

ఫిబ్రవరి 5, శనివారం. సాయంత్రం ఏడింటికి నంద్యాలలో హైదరాబాదు బస్సు, మర్నాడు విమానం. మిగతావాళ్లను సామాన్లతో బస్టాండులో కూర్చోబెట్టి, వదినా నేనూ ఏటీఎంకు వెళ్లాం. నెల మొదటి వారం కావడంతో జనం గుమ్మం దాటి వీధిలోకి నిలబడి ఉన్నారు. మా వంతు వచ్చేసరికి ఐదున్నర. కార్డు పెట్టాను. పోలేదు. తిప్పి పెట్టాను. మెషిను నోరు చిన్నది, నా కార్డు చుట్టూ వేలి మందం అంచు.

"కత్తెర ఉందా?" అని వాచ్‌మన్‌ను అడిగాను.

"కత్తెర యాడిదమ్మా? ఇది బ్యాంకు, మంగలి షాపు గాదు."

పక్కన దర్జీ కొట్లో కత్తెర దొరికింది. మెట్ల మీద కూర్చుని నాలుగు వైపులా అంచు కత్తిరించాను. చేసే పని శుభ్రంగా చేయడం నాకలవాటు. మూలలు గుండ్రంగా కూడా తీశాను.

"దుడ్లు తీసేదానికి వచ్చినామా, రైక కుట్టేదానికా?" అంది వదిన.

ఈసారి కార్డు సగం దాకా వెళ్లి ఆగింది. వెనక నుంచి సలహాలు మొదలయ్యాయి.

"దబ్బక్కా, ఇంగొంచెం దబ్బు."

"దబ్బొద్దు, బయటికి గుంజు."

"ఈయమ్మ లోపల టపా వేస్తాండాది రా."

గుంజితే రాలేదు. అందుకని నెట్టాలని నిశ్చయించుకున్నాను. వేలు పట్టనంత సందు. సంచిలోంచి నా ఓటరు కార్డు తీసి దాని అంచుతో నెట్టాను. అది కూడా లామినేషన్ చేసిందే, గట్టిగా ఉంటుంది. డెబిట్ కార్డు లోపలికి వెళ్లింది. మెషినులోంచి చెరకు గానుగలాంటి చప్పుడు వచ్చింది. కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. తెర మీద ఏదో రెండు ముక్కలు కనబడి ఆరిపోయాయి. తర్వాత చప్పుడు కూడా ఆగిపోయింది.

నా వెనకాయన అన్నాడు: "చంపేస్తివి గదక్కా మెషిన్ను. తెల్లారితే మా తమ్ముని పెండ్లి. వంటోళ్లకు బయానా యాడ తెచ్చియ్యాల?"

వాచ్‌మన్ లోపలికొచ్చి, మెషిను మీద రెండుసార్లు కొట్టి, తలూపాడు.

"సోమవారం రాండి. కర్నూలు నుంచి మెకానిక్కొచ్చి తెరుస్తాడు."

"సోమవారం మేము యెరూషలేములో ఉంటామయ్యా."

"ఆడ గూడా ఏటీఎంలు ఉంటాయంట గదమ్మా."

"కార్డు ఇక్కడుంది కదయ్యా."

"అదీ నిజమే" అని అతను స్టూలు మీద కూర్చున్నాడు.

నేను వదిన వైపు చూడలేదు. బస్సెక్కాక ఆమె కిటికీ వైపు తిరిగి ఒక్క మాట అంది.

"ఈడ తగ్గలా, ఆడ రాదు."

యాత్ర గురించి రాయను. ఒక్క బేత్లెహేము అంగడి గురించి మాత్రం రాయాలి. గిన్నె అక్కడ ఉంది. వెడల్పు మూతి, పాదం సన్నం, కర్రలో తేనె రంగు చారలు. ముప్పై ఐదు డాలర్లు. వదిన దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. బోసిగా ఉన్న దాని అంచంతా వేలితో తడిమి చూసింది. ఎవరి పేరూ లేదు.

అయ్యగారు పర్సు తీశారు. "తీసుకోమ్మా దీనమ్మా, ఊరికి పోయినాక ఇద్దువు."

"వద్దయ్యగారూ. బోరు నీళ్లకని మొక్కుకుంటి. ఆ నీళ్లతో పండిన దుడ్లే కావాల. అప్పుదెచ్చి ఇస్తే అది నా మొక్కెట్లయితాది?"

గిన్నెను ఉన్నచోటే పెట్టింది. పెట్టాక అది తిన్నగా నిలబడిందో లేదో వంగి చూసింది. నేను అప్పుడు ఆ అంగడిలో ఒంటెల బొమ్మలు లెక్కపెడుతున్నాను. ఎన్ని ఉన్నాయో గుర్తులేదు. నా జీవితంలో నేను మరిచిపోయిన లెక్క అదొక్కటే.

తిరిగొచ్చాక బ్యాంకుకు వెళ్లాను. ఆ కుర్ర ఆఫీసరు ఒక కవరు ఇచ్చాడు.

"మేడం, మెషినులో రెండు భాగాలు మార్చాల్సి వచ్చింది. మీ కార్డుకు మాత్రం ఒక్క గీత పడలేదు. కానీ పనిచేయదు. కొత్తది తీసుకోవాలి."

ఇంకో సంగతి కూడా చెప్పాడు. విదేశంలో ఒక్కసారి డబ్బు తీస్తే నూట పాతిక రుసుమట. నేను రెండుసార్లు తీద్దామనుకున్నాను. నూట నలభై మిగుల్చుకోవడానికి రెండు వందల యాభై. ఈ లెక్క ముందే ఎందుకు అడగలేదని నన్ను అడగకండి, వదిన అడిగేసింది.

మార్చి 6, ఆదివారం సంస్కారం. అదే గ్లాసు వచ్చింది. వదిన అందుకుని, చుక్కల అక్షరాలున్న చోట బొటనవేలు అడ్డం పెట్టి తాగింది. బయటికొచ్చి చెప్పులేసుకుంటూ అడిగింది.

"దుడ్లు?"

"ఉన్నాయి వదినా, ఐదు వేలూ ఉన్నాయి. వడ్డీ కూడా కలిసింది."

"ఒక్క పైసా పోదంటివి. పోలే. నీ పూచీ నువ్వు నిలబెట్టుకుంటివి."

ఆమె నవ్వలేదు. పక్కనున్నవాళ్లు నవ్వారు. నేనే నా గ్లాసు కోసం ఇదంతా చేశానని ఊళ్లో కొన్నాళ్లు అనుకున్నారు కూడా. ఇత్తడి గిన్నె చేయించి ఇస్తానన్నాను. వదిన వద్దంది. "ఆ పేరు సూసుకోని బుద్ధి తెచ్చుకో" అంది. ఆ ఐదు వేలతో బోరు మోటారు బాగుచేయించుకుంది.

వదిన పోయి చాలా ఏళ్లయింది. మా చర్చిలో ఇప్పటికీ ఆ గ్లాసే. నా వంతు వచ్చినప్పుడు ఆ అక్షరాల మీద బొటనవేలు నేను పెట్టుకుంటున్నాను.

కాబట్టి చదివేవారి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒక దాని లోపలికి పోవాల్సిన ఏ వస్తువుకూ ఇకపై నేను లామినేషన్ చేయించను. ఇంకొకరి మొక్కుకు పూచీ ఉండను.

పోయినవాటి లెక్క. లామినేషన్‌కు, రెండు పొరలకు కలిపి, ఇరవై రూపాయలు. కొత్త కార్డుకు రెండు వందలు. దర్జీ కత్తెర పదును పోయినందుకు అతను అడిగి తీసుకున్నది ఐదు. ఖాతాలోంచి ఏమీ పోలేదు. ఒలీవ కర్ర గిన్నె, ఒకటి.