పిట్ట ముట్టని అన్నం

దయ్యాలు లేవని చెప్పి జీతం తీసుకుంటున్న మనిషిని నేను. లక్సెట్టిపేట దగ్గర ఒక సర్కారు బడిలో సైన్సు టీచర్‌ని. పసుపు నీళ్లలో సున్నం కలిపి ఎర్రగా చేసి, మంత్రగాళ్లు చూపించే నెత్తురు ఇంతేనర్రా అని ఏటా పిల్లలకు చెబుతాను. ఈ ఏడు కూడా చెప్పాను. అయినా ఇది రాయకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

కరోనా తర్వాత బడి తెరిచేసరికి పిల్లలు మునుపటిలా లేరు. పక్కవాడు దగ్గితే ఒకడు బెంచీ వదిలి పారిపోయేవాడు. మంచిర్యాల నుంచి వారానికోసారి కౌన్సెలింగ్ మేడం వచ్చేవారు. పిల్లలను ల్యాబులో గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించేవారు. ఆ తర్వాత టీచర్ల వంతు. నా వంతు రాగానే నాకేమీ లేదని చెప్పి, సంతకం పెట్టి లేచొచ్చేదాన్ని.

రజిత అప్పుడు ఎనిమిదో తరగతి. పేరు మార్చి రాస్తున్నాను. వాళ్ల నాన్న సౌదీకి పనికి వెళ్లి, అక్కడే ఆసుపత్రిలో కరోనాతో చనిపోయాడు. శవం రాలేదు. అక్కడే పూడ్చిపెట్టారు.

మా దిక్కు మనిషి పోయిన మూడో రోజున వాళ్లకు ఇష్టమైనవి వండి పిట్టకు పెడతారు. కాకి వచ్చి ముట్టేదాకా ఇంటివాళ్లు తినరు. ముట్టకపోతే, పోయినవాళ్ల మనసులో ఏదో ఉండిపోయిందని అర్థం. ఒక్కొక్కరే విస్తరి దగ్గరికి వెళ్లి మాట ఇస్తారు. శవమే రానప్పుడు పిట్టకు ఎట్ల పెడతామని రజిత ఇంట్లో ఆ పని చేయలేదు.

దాంతో ఆ పిల్ల తనే పెట్టడం మొదలుపెట్టింది. బడిలో మధ్యాహ్నం అన్నం పెట్టగానే తన పళ్లెం తీసుకెళ్లి ప్రహరీ మీద పెట్టేది. గంట కొట్టేదాకా అక్కడే నిలబడేది. మా బడి కాకులు పిల్లల చేతుల్లోంచి గుడ్డు ఎత్తుకుపోయే రకం. అవి వచ్చి ఆ పళ్లెం పక్కన వాలేవి, చూసేవి, వెళ్లిపోయేవి. నేను స్వయంగా పదకొండు రోజులు గమనించాను. ఒక్క మెతుకు కూడా ముట్టలేదు.

రాత్రిపూట తల్లి బలవంతం మీద రెండు ముద్దలు. అంతే ఆమె తిండి. ప్రార్థనలో రెండుసార్లు పడిపోయింది. సెలైన్ ఎక్కించిన డాక్టరు, ఇట్లాగే ఉంటే పిల్ల మీకు దక్కదని తల్లి ముందే చెప్పాడు.

కౌన్సెలింగ్‌లో మూడు వారాలకు గాని నోరు విప్పలేదు. మేడంతో పాటు నేనూ ఉన్నాను.

"ఇంట్ల ఒక్కటే ఫోను. ఆన్‌లైన్ క్లాసు నడుస్తుంటె బాపు ఫోన్ చేసిండు. క్లాసుల ఉన్నప్పుడు ఎవ్వలు చేసినా కట్ చెయ్యుమని చెప్పిండ్రు గద. కట్ చేసిన. మల్ల చేస్తే కలవలే."

అట్లా చెప్పింది నేనే. ఆ క్లాసు నాదే.

ఇంకొకటి ఉంది. అదే గంటలో, పిల్లల ఇళ్లకు ఇచ్చిన నా రెండో ఫోనుకు కూడా ఒక బయటిదేశం నంబరు నుంచి రెండుసార్లు కాల్ వచ్చింది. ఏ మోసగాడో అనుకుని రెండుసార్లూ కట్ చేశాను. నాలుగు రోజులకు ఆయన పోయిన వార్త తెలిసింది. బడి రిజిస్టర్‌లో ఆయన పేరు పక్కన ఉన్న నంబరుతో సరిచూసుకున్నాను. అదే నంబరు. వెంటనే నా ఫోన్‌లోంచి ఆ కాల్స్ తుడిచేశాను. మా ఆయనకు కూడా చెప్పలేదు.

పద్ధతి ప్రకారం ఒకసారి పెట్టేస్తే పిల్ల మనసు తేలికవుతుందని మేడం అన్నారు. తల్లి ఒప్పుకుంది. ఒక ఆదివారం గోదావరి ఒడ్డుకు వెళ్లాం. మోదుగాకు విస్తరిలో అన్నం, కోడికూర, మక్క గారెలు, పక్కన కల్లు.

కాకులు పదీ పన్నెండు వచ్చాయి. చుట్టూ వాలాయి. ముట్టలేదు.

ఒంటిగంట దాటింది. రెండు దాటింది. తల్లి విస్తరి ముందు కూలబడి చేతులు జోడించింది.

"రజిత బాపూ, పిల్లను నేను సదివించుకుంట. ఏం ఫికర్ చెయ్యకు. జర ముట్టు. పిల్ల సస్తదయ్యా."

మేడం ముఖంలో కూడా ధైర్యం పోయింది. రజిత పెదాలు ఎండి పగిలాయి. మంచినీళ్లు కూడా ముట్టనంది. ఈ రోజు ముట్టకపోతే ఈ పిల్ల ఇక తినదని నాకు తెలిసిపోయింది.

నేను లేచి వెళ్లాను. నమ్మి వెళ్లలేదు, చేయడానికి ఇంకేమీ మిగలక వెళ్లాను. రజితకు పదడుగుల దూరంలో, ఆమెకు వీపు పెట్టి నిలబడ్డాను. పెదవి కదల్చలేదు. తప్పు నాది, కట్ చేయమన్నది నేను, నువ్వు నాకు చేస్తే నేను కూడా కట్ చేశాను, పిల్లను వదిలిపెట్టు అని మనసులోనే అనుకున్నాను.

ఒక కాకి గెంతుతూ వచ్చి మక్క గారె తీసుకుంది. తర్వాత అన్నీ వచ్చాయి.

తల్లి బోరున ఏడ్చింది. రజిత మెల్లగా నా దగ్గరికి వచ్చింది. కోపం లేదు. క్లాసులో డౌటు అడిగినట్టే అడిగింది.

"టీచర్, మీరు గూడ కట్ చేసిండ్రా?"

ఆమె వెళ్లి తల్లి పక్కన కూర్చుని రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నది.

తర్వాత నేను ఆరా తీయకుండా ఉండలేదు. సౌదీలో ఆయనతో గదిలో ఉన్న మనిషితో మాట్లాడాను. ఆసుపత్రిలో చేర్చాక తనను లోపలికి రానివ్వలేదని, ఆయన ఎవరెవరికి ఫోన్ చేశాడో తనకు తెలియదని చెప్పాడు. తల్లికి ఆయన నాకు ఫోన్ చేసిన సంగతే తెలియదు. మేడంకు మొత్తం చెబితే, పిల్ల మీ ముఖం చూసి ఊహించి ఉంటుందన్నారు. నేను అటు తిరిగి ఉన్నానని గుర్తుచేశాను.

రజిత ఇప్పుడు మంచిర్యాలలో ఇంటర్ చదువుతోంది. కడుపునిండా తింటోంది. కనిపిస్తే నమస్తే పెడుతుంది, ఆ ప్రశ్న మళ్లీ ఎత్తలేదు. అది ఆమెకు ఎట్లా తెలిసిందో నేను ఇవాళ్టికీ చెప్పలేను. అంత తెలిసిన పిల్లకు, ఆ రెండు కాల్స్‌లో వాళ్ల నాన్న నాతో ఏం చెప్పాలనుకున్నాడో కూడా తెలిసే ఉంటుందని నా భయం. అడగాలని ప్రతిసారీ అనుకుంటాను. నమస్తే అందుకుని వచ్చేస్తాను.