యమ్నా చేతి గరుకు తొడుగు

మొరాకోలోని మా ఫెస్ నగరంలో పేటకో హమ్మామ్, అంటే ఆవిరి స్నానశాల, ఉంటుంది. మా పేట ఆడవాళ్ళ హమ్మామ్‌లో బట్టలకు కాపలా కూర్చునేదాన్ని నేను. ఒళ్ళు రుద్దే మనిషి యమ్నా. నల్లసబ్బు పట్టించి గరుకు తొడుగుతో ఆమె రుద్దితే ఎంత మొండి మట్టయినా పేలికలుగా రాలాల్సిందే.

"నా చేతికి లొంగనిది ఇంకా పుట్టలేదే!" అని విర్రవీగేది. పొగరుకు తగ్గ పనితనమూ ఉంది, కాదనను.

లొంగనిది ఆమె ఇంట్లోకే వచ్చింది. కూతురు ఇజ్జాకి పన్నెండో ఏట మోచేతుల మీద ఎర్రటి మచ్చలు, వాటి మీద తెల్లటి పొట్టు లేచాయి. కుట్టుపని నేర్చుకునేచోట పిల్లలు దాని పక్కన కూర్చోవడం మానేశారు. యమ్నాకి పంతం వచ్చింది. ప్రతి గురువారం ఆ పొట్టు మొత్తం పోయేదాకా రుద్దేది. పిల్ల కదలకుండా పట్టుకున్నది నేనే. వారం తిరక్కుండా మచ్చలు మళ్ళీ లేచేవి, మరికాస్త పెద్దవై. ఇలా ఏడేళ్ళు.

వీపు కూడా నిండిపోయాక ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం.

"సోరియాసిస్," అంది డాక్టరమ్మ. "ఎవరికీ అంటుకోదు. పూర్తిగా పోదు కూడా. రోజూ మందు రాస్తూ, చర్మం ఎండిపోకుండా చూసుకుంటే అదుపులో ఉంటుంది. ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

"వారం వారం నేనే రుద్దానమ్మా," అంది యమ్నా గర్వంగా. "రక్తం చెమర్చేదాకా వదల్లేదు."

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపేసింది.

"అయ్యో తల్లీ! ఈ జబ్బున్నవాళ్ళకి ఒరుసుకుపోయిన చోటల్లా కొత్తగా లేస్తుంది. మీరు పోగొట్టలేదు, పెంచారు."

యమ్నా మొహం పాలిపోయింది. "నేనా? నా చేతులతోనా?" అని అడిగిందే అడిగింది.

"అమ్మకి తెలీదండీ," అంది ఇజ్జా గబగబా. ఆ మాట విని నేను తల దించుకున్నాను.

తరవాతి గురువారం ఇజ్జా ఎప్పటిలాగే వచ్చి, తువ్వాలు అంచు పళ్ళ మధ్య బిగించి, కళ్ళు మూసుకుని కూర్చుంది. యమ్నా తొడుగు ముట్టుకోలేదు. వేలికొసలతో మెల్లగా వీపంతా మందు రాసింది.

నల్లసబ్బు తరవాత తొడుగు వచ్చినట్టే మందు తరవాతా వస్తుందనుకుందేమో, పిల్ల చాలాసేపు అలాగే బిగుసుకుని ఉంది. చివరికి తువ్వాలు నోట్లోంచి తీసి నా వైపు చూసింది.

"ఎంతసేపని ఇలా ఉండను పిన్నీ? రుద్దడం మొదలుపెట్టమని చెప్పు అమ్మకి."