వెనక పలక

1984లో తిరుపతిలో నాకు సౌండ్ సర్వీసు ఉండేది. అప్పటిదాకా బాకాల్లాంటి మైకు హారన్లు కట్టిన నేను ఆ ఏడే పెద్ద బాస్ పెట్టె కొన్నాను. బాస్ అంటే డ్రమ్ము దెబ్బలాంటి లోతైన శబ్దం. హారన్ ఎటు చూస్తే పాట అటే పోతుంది. బాస్ అలలు పెట్టెకంటే చాలా పొడవు. అవి పెట్టె చుట్టూ తిరిగి వెనక్కీ అంతే బలంగా వస్తాయి.

పుత్తూరులో ఒక పెండ్లి రిసెప్షన్. మండపం గోడకు ఆనుకుని, విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోను ఆ ఊరికి వచ్చినవాళ్లకు అద్దెకిచ్చే గదులు. అవీ పెండ్లికూతురి నాయనవే. పాటలు మొదలైన కాసేపటికి ఒక గదిలోంచి మంగమ్మ వచ్చింది. బండి మీదనుంచి పడి ఆమె భర్తకు తొడ ఎముక విరిగిందట.

"అన్నా, ఆ పెట్టె అట్లా తిప్పేయన్నా. దెబ్బ దెబ్బకీ మంచం అదరతా ఉండాది. నిన్న కట్టిన కట్టు."

తిప్పాను. మళ్ళీ వచ్చింది.

"పాట తగ్గింది గానీ దెబ్బ పోలే. నన్ను ఏమారస్తా ఉండావా?"

"లేదమ్మా. దీని గుణమే అంత."

పెట్టె వెనక పలక విప్పేశాను. స్పీకరు ముందుకు గాలిని నెట్టినప్పుడు వెనక గాలిని లాగుతుంది. పలక లేకపోతే ఆ రెండూ పెట్టెకు రెండు పక్కలా కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఆ పక్కను ఆమె గోడవైపు పెట్టాను. గదిలోకి వెళ్లి చూస్తే చెంబులో నీళ్లు వణకడం మానేశాయి. ఆమె భర్త మూలుగు మాత్రం ఆగలేదు.

బయట పెండ్లికూతురి నాయన నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, డ్రమ్ము యాడ పోయింది? పాట సచ్చినట్టుండాదే!"

అంతలో పాడే గొంతు ఊపిరి తీసుకున్న చోట గోడ అవతలి మూలుగు వినిపించింది. ఇందాక ఆ చోటును డ్రమ్ము నింపేది. ఆయన ముఖం మారింది.

"శుభమా అని పెండ్లి చేస్తా ఉంటే ఈ ఏడుపేంది? రేయ్, ఆ మంచం ఎత్తి వీధి చివర సావిట్లో పెట్టండి."

నా వెనకే వచ్చిన మంగమ్మ అది విన్నది. కాలు కదిలితే ఎముక అతకదని కట్టు కట్టినాయన ఆమెకు గట్టిగా చెప్పి పంపాడు.

"అన్నా, ఆ పలక బిగించేయి."

"మళ్ళీ అదురుతుందమ్మా."

"అదరనీ. మూలుగు వినపడకుంటే మమ్మల్ని ఈడే ఉండనిస్తారు. కాలు నేను పట్టుకుంటాలే."

పలక బిగించాను. మంచం ఎత్తను బయల్దేరినవాళ్లు డ్రమ్ము మొదలవగానే వెనక్కి చూశారు. పెండ్లికూతురి నాయన ఇక వద్దన్నట్టు వాళ్లకు చెయ్యి ఊపాడు. కిటికీలోంచి చూస్తే మంగమ్మ నేల మీద కూర్చుని, దెబ్బ పడినప్పుడల్లా రెండు చేతులతో కట్టును అదిమి పట్టుకుంటోంది.

ఆ తరువాత ఏ ఊళ్లో పెట్టె దించినా, ముందు గోడ అవతలికి నడిచి అక్కడ ఎవరున్నారో అడిగేవాణ్ణి. శబ్దం ఎటు పోతుందో నాకు తెలుసు. అది ఎవరి మూలుగును కప్పుతుందో చూడాలని పుత్తూరులోనే తెలిసింది.